మగ్గాల ఊళ్లో చెవి పరీక్ష ఎవరు తీసేశారు?

ఆమె పెట్టె అందుకోలేదు.

కల్యాణ మంటపం వేదిక మీద ఆ రోజు ఉదయం నుంచీ పరికరాలు పంచుతున్నారు. మూడు చక్రాల సైకిళ్లు, చంక కర్రలు, వినికిడి యంత్రాలు. పేరు పిలుస్తారు, మనిషి ఎక్కుతాడు, పెట్టెకు అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి, ఇద్దరూ కెమెరాల వైపు చూస్తారు, మనిషి దిగుతాడు. దినపత్రికలో బతుకంతా గడిపిన వాణ్ని, ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. మర్నాడు పేపర్లో రావలసిన నాలుగు వాక్యాలూ అప్పటికే మనసులో రాసేసుకుని వెనక వరస కుర్చీలో కూర్చుని ఉన్నాను.

అప్పుడు ఆమె ఎక్కింది. పాతికేళ్లు ఉంటాయేమో. కడుపుతో ఉంది. చంకలో రెండేళ్లు దాటిన ఆడపిల్ల. అధికారి వినికిడి యంత్రం పెట్టె చాచాడు. ఫొటోగ్రాఫర్లు వంగారు. ఆమె చెయ్యి పెట్టె దాటి, పక్కన పేర్లు చదువుతున్న ఉద్యోగి చేతిలోని మైకు మీదికి వెళ్లింది.

"దీన్ని తీసుకుంటా సార్. నా బిడ్డది, యాల వదిలిపెట్టేది? ముందర ఒక మాట సెప్పండి. మా ఊరి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకు చెవి పరీక్ష ఉండేదంట. దాన్ని తీసేసింది ఎవురు?"

"చూడమ్మా, అది వేరే విషయం. కింద మనవాళ్లున్నారు, అర్జీ ఇవ్వు."

"అర్జీలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయినా సార్. ఆడ అడిగితే ఈడ అడగమంటారు. ఈడ అడిగితే ఆడికి పొమ్మంటారు. ఇంక మిగిలింది ఈ మైకొకటే."

జనంలో నవ్వు లేచింది. ఉద్యోగి మైకు లాక్కోబోయాడు. "ఫొటో దిగి పోమ్మా, వెనక జనం ఉన్నారు."

"నా ఫొటో దేనికి నాయనా? నా బిడ్డకు చెవుడని మా ఊరంతా తెలుసు. తీసేసినోళ్ల ఫొటో వేయండి పేపర్లో, మేమూ సూస్తాం."

సైకిలు కోసం ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన గొంతెత్తాడు. "అడగనీయండప్పా! నా సైకిలు యాడికీ పోదు. నేను తొక్కితేనే గదా అది పొయ్యేది!"

ఈసారి వేదిక మీద వాళ్లూ నవ్వక తప్పలేదు. నవ్వు తగ్గాక అధికారి మెత్తగానే చెప్పాడు. "ఎవరో ఒకరు తీసేసింది కాదు తల్లీ. అది విధాన నిర్ణయం."

"నిర్ణయమంటే దాని పాటికి అదే వచ్చి కూసుంటాదా సార్? ఎవురో ఒకరు నోరు తెరిచి సెప్పుంటారు గదా. ఆ నోరు ఎవురిది?"

అధికారి పెట్టెను మళ్లీ ముందుకు చాచాడు. ఆమె పెట్టె తీసుకుని, ఏ కెమెరా వైపూ చూడకుండా దిగిపోయింది. నేను లేచి ఆమె వెనకే బయటికి నడిచాను. మనసులో రాసుకున్న నాలుగు వాక్యాలూ అక్కడికి చెల్లిపోయాయి.

బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చుని ఆమె చెప్పింది విన్నాను.

ఆమెది నగరి చుట్టుపక్కల మరమగ్గాల ఊళ్లలో ఒకటి. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే వీధీ, ఇల్లూ తెలిసిపోతాయి. ఆ వైపు తిరిగినవాళ్లకు ఆ ఊళ్ల సంగతి తెలుసు. వీధి మొదట్లోనే చప్పుడు ఎదురొచ్చి పలకరిస్తుంది. ప్రతి ఇంటి ముందు గదిలోనూ మగ్గాలే. కరెంటు ఉన్నంతసేపూ టకటకా ఆడుతూనే ఉంటాయి. ఇంట్లో మాటలు సగం చేతులతోనూ, సగం పెదాలతోనూ నడుస్తాయి. ఫోను మోగితే చెవికి ఆనించుకుని వీధి చివరి దాకా నడిచి మాట్లాడి వస్తారు. ఆ ఊరివాళ్లు పెళ్లికని తిరుపతి వెళ్తే మామూలుగా మాట్లాడుకున్నా అక్కడివాళ్లు కొట్లాడుకుంటున్నారనుకుంటారు.

ఆ చప్పుడులోనే బిడ్డలు పుడతారు, అందులోనే నిద్రపోతారు. మగ్గం పక్కన దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో పసిబిడ్డ హాయిగా నిద్రపోవడం చూస్తే కొత్తవాళ్లకు ఆశ్చర్యం. అక్కడివాళ్లకు అది మామూలు. నిజానికి వాళ్ల బిడ్డలు చప్పుడుకు లేవరు, చప్పుడు ఆగితే లేస్తారు. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగగానే వీధి పొడుగునా ఇంటింటా పసిబిడ్డల ఏడుపు మొదలవుతుంది. "కరెంటోడు మా బిడ్డల్ని లేపేసినాడు" అని తిట్టుకుంటూ తల్లులు ఉయ్యాలలు ఊపుతారు.

దాని నుంచే ఒక నమ్మకం పుట్టింది. కరెంటు పోగానే లేచే బిడ్డకు చెవులు బాగున్నట్టు. ముసలమ్మలు ఉయ్యాల్లోకి తొంగిచూసి తేల్చేసేవాళ్లు. ఎన్ని తరాల నుంచో అనలేను, మరమగ్గాలే అంత పాతవి కావు. కానీ ఆ వీధిలో దానికి ఎదురులేదు.

ఆమె బిడ్డ కరెంటు పోయిన ప్రతిసారీ లేచింది.

"నాకు ఆరో నెలప్పుడే అనుమానం వచ్చింది అన్నా. పేరు పెట్టి పిలిస్తే సూడదు. కండ్ల ముందరికి పోతే మటుకు నవ్వుతాది. మా అత్తతో అన్నా. మా అత్తంటే మా నాయన సొంత చెల్లెలే, మేనరికం మాది. నేను సెప్పగానే కోపం వచ్చేసింది. 'కరెంటు పోతే లేస్తా ఉండాది గదా, ఇంకేం కావాల నీకు? బంగారట్లాంటి బిడ్డకు వంకలు పెడతావా' అనింది. ఆ పొద్దే కరెంటు పాయె. పాప లేచి ఏడ్సింది. మా అత్త నా తట్టు సూసి మూతి తిప్పింది. సెరిలే అని నేనూ ఊరికే ఉంటి."

ఊరికే ఉండడానికి ఆమెకు ఇంకో కారణం కూడా ఉంది. కాన్పయిన వార్డు గోడ మీద ఒక పోస్టరు ఉండేది. నవ్వుతున్న బిడ్డ బొమ్మ, కింద 'పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష' అని పెద్ద అక్షరాలు. నర్సు బిడ్డను తీసుకెళ్లి తూకం వేసింది, టీకా వేసింది, తెచ్చి ఇచ్చింది. చెవులు కూడా అప్పుడే చూసి ఉంటారనుకుంది తల్లి. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. గోడ మీద రాసింది చదివింది, నమ్మింది. పరీక్ష చేసే యంత్రం ఆ ఆసుపత్రి నుంచి అంతకు ముందే వెళ్లిపోయింది. పోస్టరు చించడం ఎవరికీ గుర్తు రాలేదు.

విషయం రేణిగుంటలో బయటపడింది. ఆమె అక్క మొగుడికి అక్కడ గిడ్డంగిలో పని. వాళ్ల వీధిలో మగ్గాలు లేవు. పండగకని వెళ్లి నాలుగు రోజులుంది.

"పాప పొయ్యి పక్కన మాకు వీపు పెట్టుకోని కూసోని ఉండాది. కుక్కరు ఈలేసింది. మా అక్కోళ్ల పిల్లి ఎగిరి కిటికీ లోంచి దూకేసింది. మా పాప తల గూడా తిప్పలేదన్నా. మా ఇంట్లో కుక్కరు ఈల నాకే వినపడదు, ఇంక పాప సంగతి యాడ తెలుస్తాది? అక్క ఏడ్సింది. నేను ఏడవలేదు. గిన్నెలు తీసుకోని పాప వెనకాల నిలబడి కొడతానే ఉన్నా. పక్కింటోళ్లు వచ్చి అడిగేదాకా కొడతానే ఉన్నా."

తిరుపతిలో పరీక్షలు చేసిన డాక్టరమ్మ రెండు సంగతులు చెప్పింది. మొదటిది, బిడ్డ కరెంటు పోయినప్పుడు ఎందుకు లేస్తుందో. మగ్గాల అదురు నేలలో ఉంటుంది, గోడల్లో ఉంటుంది, దూలంలోంచి ఉయ్యాల చీరలోకి దిగుతుంది. అదురు ఆగిపోతే ఒంటికి తెలుస్తుంది. లేచింది ఒళ్లు, చెవి కాదు. రెండోది ఆమె ప్రశ్నగానే అడిగింది. "మీ ఊరి ఆసుపత్రిలో పుట్టగానే చూసేవాళ్లే, మీకు చూడలేదా?" పుట్టిన నెలల్లోనే తెలిసి ఉంటే మాటలకు దారి తేలికయ్యేదని, ఇప్పుడు ముందు వినికిడి యంత్రంతో చూసి, లాభం లేకపోతే ఆపరేషనుకు రాసుకోవాలని, ఎంత ఆలస్యమైతే మాట అంత కష్టమవుతుందని చెప్పింది. తర్వాతి బిడ్డకూ రావచ్చు, పుట్టగానే పరీక్ష చేయించండి అని కూడా చెప్పింది.

టీ అంగట్లో ఆమె ఆ చివరి మాట దగ్గర ఆగి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది కార్తీకంలో వస్తాది. ఆ లోపల మిషను మా ఊరికి తిరిగి రావాల. నా ఒక్కదాని బిడ్డకే అయితే తిరపతికి ఎత్తుకోని పోతా. మా వీధిలో ఈ పొద్దు ఇంకో నలుగురు కడుపుతో ఉండారు. వాళ్లు కరెంటు పొయ్యేదాకా కాసుకోని కూసోవాల్నా?"

ఆమె అత్త సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తిరుపతి నుంచి వచ్చి విషయం చెప్పగానే ఆ పెద్దామె ఒక పూట అన్నం ముట్టలేదట. తర్వాత లేచి, కొంగు దోపుకుని, వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా పోయింది. "కరెంటు పోతే బిడ్డ లేసిందని నమ్మబాకండి. నేను నమ్మి నా మనవరాల్ని సెరిపినా. మీరు సెరపబాకండి" అని ప్రతి గడపలోనూ నిలబడి చెప్పింది. మగ్గాల చప్పుడులో వినపడని చోట చెయ్యి ఊపి మగ్గం ఆపించి మరీ చెప్పిందట.

ఇదంతా రాసి నేను పత్రికకు పంపితే డెస్కు వాళ్లు పెట్టిన శీర్షిక 'చెవిటి బిడ్డ తల్లి ఆవేదన'. నేను ఫోను చేసి వాదించాను. ఆమె ఆవేదన పడిన మాట నిజమే. వేదిక ఎక్కింది అందుకు కాదు. ప్రశ్న అడిగింది. మా పత్రికల వాళ్లకు ఇది పాత అలవాటు. పేదవాళ్లు ఏం అడిగినా దాన్ని ఆవేదన చేసి, ఒక కన్నీటి ఫొటో పెట్టి, లోపలి పేజీలో వేస్తాం. ఆవేదనకు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఓదారిస్తే చాలు. చాలాసేపు గుంజుకున్నాక 'చెవి పరీక్ష ఎవరు తీసేశారు?' అని వేశారు, జిల్లా పేజీలో, కింద మూల.

మూలలో వేసినా చదవాల్సిన వాళ్లు చదివారు. పొద్దున్నే ఒక అధికారి ఫోను చేశాడు. పేరు అనవసరం, మనిషి మర్యాదస్తుడే. "మీరు సీనియర్లు. ఇలా రాస్తే మిగతా చోట్ల నడుస్తున్న పరీక్షలు కూడా ఆపేస్తారండీ" అన్నాడు.

"ఆపేసేది ఎవరో చెప్పండి సార్. ఈసారి వాళ్ల పేరే రాస్తాం" అన్నాను.

ఫోను పెట్టేశాడు.

తర్వాత కొన్ని వారాలు ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే తిరిగాను. ఎందుకు తీసేశారన్నది తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆ యంత్రం చాలా సున్నితమైనది. పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి, లోపలి నుంచి వచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకోవాలి. గది నిశ్శబ్దంగా ఉండాలి. ఆసుపత్రి వెనక గోడను ఆనుకునే మగ్గాల వీధి. చప్పుడులో యంత్రం తడబడి, బాగా వినపడే బిడ్డలకూ 'మళ్లీ చూడాలి' అనేది. మళ్లీ చూడాలంటే తల్లులు మళ్లీ రావాలి, సగం మంది వచ్చేవాళ్లు కాదు. నెలనెలా సమీక్షల్లో ఆ ఆసుపత్రి పేరు దగ్గర ఎర్ర గుర్తు పడేది. ఎర్ర గుర్తు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గదికి చప్పుడు రాకుండా చేయడం. రెండోది, పరీక్షే లేకుండా చేయడం. రెండోదే ఎంచుకున్నారు. యంత్రం నిశ్శబ్దంగా ఉన్న ఇంకో ఆసుపత్రికి పోయింది. ఎర్ర గుర్తు పోయింది.

చెవుడు కంటపడకుండా దాచేసేది మగ్గాల చప్పుడే. పరీక్ష అన్నింటికంటే ముందు అవసరమైన ఊరు అదే. ఆ చప్పుడునే కారణంగా చూపి పరీక్ష అక్కడి నుంచి తీసేశారు. ఈ మాట ఆ వీధిలో ఏ తల్లిని అడిగినా చెప్పేది. ఎవరూ అడగలేదు.

ఎవరు తీసేశారన్నది మాత్రం దొరకలేదు. కమిటీ సమష్టి నిర్ణయం అన్నారు. కమిటీలో ఉన్నవాళ్లను విడివిడిగా అడిగాను. ఒకాయన ఆ రోజు సెలవులో ఉన్నానన్నాడు. ఒకామె అప్పటికే తీసేశారని విన్నానంది. ఇంకొకాయన, కింది నుంచి ప్రతిపాదన వస్తే సరే అన్నామన్నాడు. కింద అడిగితే పై నుంచి మాట వచ్చిందన్నారు. రోడ్డు గుంతకు కూడా ఒక కాంట్రాక్టరు ఉంటాడు. దీనికి మనిషే లేడు.

పుట్టిన బిడ్డల విషయంలో ఇది తేలిగ్గా నడిచిపోతుంది. రేషను ఆగితే ఊరు రోడ్డెక్కుతుంది. నీళ్లు ఆగితే బిందెలు రోడ్డెక్కుతాయి. ఒక పరీక్ష ఆగిపోతే ఆ రోజు ఎవరికీ ఏమీ కాదు. నష్టపోయినవాడికి మాటే రాదు. తల్లిదండ్రులకు తెలిసేసరికి ఏడాదో, రెండేళ్లో గడుస్తాయి. అప్పటికి సంతకం పెట్టినవాళ్లు బదిలీల మీద వెళ్లిపోయి ఉంటారు. అందుకే అడగాలి, గట్టిగా అడగాలి అనుకున్నాను. ఆమె నాకంటే ముందే అనుకుంది.

చివరికి అధికారులు ఆ ఊరి ఆసుపత్రిలో ఒక సమావేశం పెట్టారు. కుర్చీలు కొన్నే వేశారు గాని వీధి వీధంతా వచ్చింది. మధ్యలో పెద్ద అధికారి ఒకాయన విసుక్కున్నాడు. "మేనరికాలు చేసుకునేది మీరు. చెవుడు వస్తే ప్రభుత్వాన్ని అంటే ఎలా?"

ఆమె అత్త లేచింది.

"నిజమే సామీ. నా అన్న కూతుర్ని నా కొడుక్కి సేసుకునింది నేనే. కరెంటు పరీక్ష నమ్మింది గూడా నేనే. రెండు తప్పులూ నావే, మా వీధిలో ఏ గడపలో అడిగినా సెప్తారు, నేనే సెప్పుకోని తిరిగినా. నా లెక్క తేలిపోయె. ఇప్పుడు మీ తట్టు ఒక్కురు లేసి, ఈ మిషను తీసెయ్యమనింది నేనే అని సెప్పండి. ఏమీ అనం. కాపీ ఇచ్చి పంపిస్తాం."

వెనక ఎవరో "కాపీలోకి వడ గూడా పెడతామత్తా" అన్నారు. అంతా నవ్వారు. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

చప్పుడు సంగతి మళ్లీ వచ్చింది. గది కట్టాలంటే నిధులు కావాలన్నారు. ఆసుపత్రి వెనక వీధిలో మగ్గాలున్న ఒకాయన అడ్డం వచ్చాడు. "గది మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు కట్టుకోండి సార్. టీకాలు బుధవారం గదా? బుధవారం పొద్దున ఒక గంట మేము మగ్గాలు ఆపుతాం. మీరు మిషను తెండి."

మీటరు లెక్కన కూలి వచ్చే మనుషులు వాళ్లు. ఆగిన గంట వాళ్ల జేబులోంచే పోతుంది. అయినా ఆ వీధివాళ్లలో ఒక్కరూ కాదనలేదు. పెద్ద అధికారి ఈ ఏర్పాటు ఏ నిబంధన కిందికి వస్తుందో చూడాలన్నాడు. పైకి రాస్తానన్నాడు. వచ్చే బుధవారం నుంచే మొదలుపెడతామని వీధి చెప్పింది.

మొదలుపెట్టారు కూడా. మొదటి బుధవారం నేను వెళ్లాను. చెప్పిన వేళకు ఒక్కొక్క ఇంట్లో స్విచ్చి పడుతూ వచ్చింది. వీధి నిశ్శబ్దమైంది. ఇళ్లల్లో పసిబిడ్డలు లేచి ఏడుపు అందుకున్నారు. ఆమె ఆసుపత్రి గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. లోపల నర్సులు టీకాలు వేస్తున్నారు. యంత్రం రాలేదు. గంట గడిచాక మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

"వచ్చే వారం గూడా ఆపుతాం" అంది ఆమె నాతో. "వాళ్లు రాకపోతే రానీ. చప్పుడు వల్ల కాలేదని మటుకు ఇంక ఎవురూ సెప్పలేరు."

కార్తీకంలో ఆమెకు మగబిడ్డ పుట్టాడు, ఆ ఆసుపత్రిలోనే. బిడ్డను తిరుపతికి తీసుకెళ్లి పరీక్ష చేయించారు. బాగానే వినపడుతుందన్నారు. పెద్దపిల్ల ఆపరేషను దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఆ వీధిలో అదే కార్తీకంలో ఇంకో ఇద్దరు బిడ్డలు పుట్టారు. వాళ్లను తిరుపతి తీసుకెళ్లడానికి వాళ్ల ఇళ్లల్లో ఇంతవరకూ కుదరలేదు. వాళ్ల చెవుల సంగతి ఎవరికీ తెలియదు.

ఇది రాసేనాటికి ఆసుపత్రి వెనక మగ్గాలు బుధవారం పొద్దున ఒక గంట ఆగుతూనే ఉన్నాయి. యంత్రం తిరిగి రాలేదు. దాన్ని తీసెయ్యమన్నది నేనేనని ఎవరూ ముందుకు రాలేదు.